భోజనం తర్వాత వేసుకోవలసిన మాత్ర

“పిలక జోలికి వస్తామంటే ఆ ఆస్పత్రి గడప తొక్కడానికి వీల్లేదు. అంతే.”

భాస్కరం గారు పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి. పడకకుర్చీలో కూర్చుని ఎదుటి గోడతో అంటున్నట్టే అన్నారు గానీ, వినవలసింది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు.

కోడలు శ్రీసుధ నడవలో చాప మీద కూర్చుని సంచి సర్దుతోంది. రెండు తువ్వాళ్ళు, స్కానింగుల కవరు, ఆధార్ జిరాక్సులు, ఫ్లాస్కు, చిన్న కత్తెర. రేపు పొద్దున్నే పిఠాపురం నుంచి కాకినాడ వెళ్ళి భర్త మణిశంకర్‌ని ఆస్పత్రిలో చేర్చాలి. ఎల్లుండి శుక్రవారం తల తెరుస్తారు.

“మావయ్యగారూ, మెదడు దగ్గర కత్తి పెట్టబోతున్నారండి. జుట్టు సంగతి ఇప్పుడు మాట్లాడుకుంటామా?”

“జుట్టు కాదమ్మా, శిఖ. అది తీసేస్తే వాడు ఏ కర్మకీ పనికిరాడు. తగ్గి ఇంటికొచ్చాక ఎవరింట్లో కూర్చుంటాడు?”

“ముందు ఇంటికి రావాలి కదండీ.”

అనేశాక నాలుక కరుచుకుంది. అప్పటికే వంటింట్లోంచి అత్తగారు నాగేశ్వరి గబగబా వచ్చేసింది.

“శుభమా అని బయల్దేరేముందు ఏం మాటలే అవి? నీ నోటికి ఓ తలుపూ గడియా లేవా?”

సోమవారం నుంచి ఆ ఇంట్లో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడుకోలేదు. ఆ రోజు సోమయాజులు గారింట్లో తద్దినం. మణిశంకర్ భోక్త. ఆ పూటకి వాళ్ళ పితృదేవతల స్థానంలో కూర్చుని, కాళ్ళు కడిగించుకుని, వడ్డించినది తినవలసినవాడు. ఔపోశన పట్టబోతుండగా కుడిచేతి బొటనవేలు అదిరింది. తర్వాత చెయ్యి, భుజం, ఆ తర్వాత మనిషంతా. నిండు విస్తరి మీద బోర్లా పడ్డాడు. సోమయాజులు గారు ఇంకో భోక్తని వెతుక్కుని, మళ్ళీ మడివంట చేయించుకుని, పొద్దు వాలాక తద్దినం ముగించుకున్నారు. రెండున్నరేళ్ళుగా దాచుకున్న జబ్బు సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది.

జబ్బు పేరు ఫిట్స్. దాని వెనక ఇంకొకటి ఉందని కాకినాడలో ఎమ్మారై తీశాక తేలింది. డాక్టర్ వినీల దాన్ని ఏవీఎం అంది. శ్రీసుధ ముఖం చూసి, బల్ల మీద కాగితం లాక్కుని కాలవ గీసింది.

“మన కాలవలు చూస్తూనే ఉంటారుగా. పెద్ద కాలవ నీళ్ళు బోదెల్లోకి వెళ్ళి, చేలో నిదానంగా పారి, మిగిలింది మురుగుకాలవలో పడాలి. ఈయన తలలో ఒకచోట పుట్టుకతోనే బోదెలు లేవు. పెద్ద కాలవ నీళ్ళు అదే జోరుతో మురుగుకాలవలో పడుతున్నాయి. ఆ గట్టు అంత జోరుకి కట్టింది కాదు. అక్కడ నాళాలన్నీ ఉబ్బి, చిక్కుపడి ముద్దయ్యాయి. దాని పక్కనున్న మెదడు ఉడుక్కుంటే ఫిట్స్. గట్టు తెగితే రక్తస్రావం.”

“ఏం చెయ్యాలండి?”

“తల తెరిచి ఆ ముద్ద తీసెయ్యడం ఒక దారి. రేడియేషన్ ఇచ్చి మెల్లగా మూసుకుపోయేలా చెయ్యడం ఇంకోటి. దానికి రెండు మూడేళ్ళు పడుతుంది, ఈలోగా తెగదని హామీ లేదు. అదీ కాదంటే, దాన్ని కదపకుండా మాత్రలతో ఫిట్స్ ఆపుకోవడం.”

“ఏది మంచిదండి?”

డాక్టర్ వినీల వెంటనే చెప్పలేదు. అందుకే శ్రీసుధకి ఆవిడ మీద గురి కుదిరింది.

“నిక్కచ్చిగా తేల్చి చెప్పే పరిశోధన మాకే లేదమ్మా. ఫిట్స్ మాత్రలకి లొంగి ఉంటే, దాన్ని కదపొద్దనే అనేదాన్ని. మూడు రకాలు మార్చాం, డోసు పెంచాం, లొంగలేదు. అందుకే ఆపరేషన్ వైపు మొగ్గుతున్నాను. ముద్ద ఎడమవైపు, మాటకీ కుడిచేతికీ దగ్గర్లో ఉంది. ఆ రెంటికీ ప్రమాదం ఉందని తెలిసే మీరు సంతకం పెట్టాలి.”

సంతకం మొదట పెట్టింది శ్రీసుధే. మణిశంకర్‌ని ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. ఇంట్లో ఆ ఆపరేషన్ కావాలని గట్టిగా నిలబడ్డ మనిషి ఆమె ఒక్కతే.

*

“పిలక సంగతి మీరూ మీరూ తేల్చుకోండి గానీ,” అని నాగేశ్వరి చాప అంచు మీద కూలబడింది. “శుక్రవారం అమావాస్య. అమావాస్య నాడు ఎవరైనా తల కోయించుకుంటారుటే? పైగా వాడికి వచ్చేదే అమావాస్యకి. నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను, విన్నారా ఎవరైనా?”

“అత్తయ్యగారూ, ఫిట్స్‌కి తిథులు తెలియవండి.”

“నీకు తెలియవు. దానికి తెలుసు.”

శ్రీసుధ లెక్కల టీచరు. ఎదుటివాళ్ళది తప్పని నోటితో అంటే ఆమెకి తృప్తి ఉండదు, బోర్డు మీద రుజువు చెయ్యాలి. సంచిలోంచి పొడుగాటి నోటుబుక్కు తీసింది. ఏడాదిన్నరగా మణిశంకర్‌కి ఫిట్ వచ్చిన ప్రతిసారీ తారీఖు, టైము, ఎన్ని నిమిషాలు ఉన్నదీ డాక్టరు రాయమంటే రాసిపెట్టిన పుస్తకం అది.

“మొత్తం పద్నాలుగుసార్లు. పంచాంగాలు తెచ్చుకోండి. ఒక్కో తారీఖూ నేను చెప్తాను, మీరు తిథి చూడండి. రెండో మూడో అమావాస్యలు తగిలితే తగులుతాయి. అంతకు మించితే రేపు కాకినాడ ప్రయాణం నేనే మానిపిస్తాను.”

చూసుకుందాం అన్నట్టు నాగేశ్వరి లేచి, అటక మీది కట్టలోంచి రెండు పంచాంగాలు దులుపుకుని వచ్చింది. పెళ్ళయిన ఆరేళ్ళలో అత్తాకోడళ్ళిద్దరూ మోకాలికి మోకాలు ఆనించుకుని ఒక పని మీద కూర్చోవడం అదే మొదలు.

“నిరుడు ఆగస్టు నాలుగు,” అంది శ్రీసుధ.

నాగేశ్వరి వేలు పేజీ మీద జారి ఆగింది. “ఆషాఢ బహుళ అమావాస్య.”

“సరే, ఒకటి. సెప్టెంబరు ఇరవయ్యారు.”

“భాద్రపద బహుళ నవమి.”

“కాదుగా మరి.”

“మహాలయ పక్షాలమ్మా. ఆ పదిహేను రోజులూ పితృదేవతలవే. అమావాస్యకి తీసిపోయినవా?”

“డిసెంబరు రెండు.”

“పాడ్యమి. ముందురోజు అమావాస్య.”

శ్రీసుధ పెన్సిలుతో గీత గీసింది. ఇంకో తారీఖు చెప్పింది, ఇంకో గీత. తొమ్మిది గీతలయ్యేసరికి పెన్సిలు నిదానించింది. అమావాస్యకో ఆ మర్నాడో వచ్చినవి అయిదు. మహాలయ పక్షాల్లో వచ్చినవి నాలుగు. అత్తగారి ముఖంలోకి మెల్లగా ఎక్కుతున్న గెలుపు చూస్తుంటే ఆమెకి ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. లెక్క ఇలా రాకూడదు.

“మే ఏడు,” అంది.

“దశమి. శుద్ధ దశమి.” నాగేశ్వరి కొంచెం డీలా పడింది. “అది అమావాస్య కాదులే. ఆ వేళ వాడు దత్తుడు గారింట్లో మాసికానికి వెళ్ళొచ్చాడు, నాకు బాగా గుర్తు. గారెలు రాళ్ళలా ఉన్నాయన్నాడు. సాయంత్రం నూతి దగ్గర పడిపోయాడు.”

“భోక్తగా వెళ్ళాడా?”

“లేకపోతే వంటకి వెళ్తాడా?”

శ్రీసుధ పెన్సిలు కింద పెట్టేసింది. నోటుబుక్కు మొదటి పేజీకి తిప్పింది.

“అత్తయ్యగారూ, తిథులు వదిలెయ్యండి. మొదటి నుంచీ చెప్తాను. ఆ రోజు గానీ ముందురోజు గానీ ఆయన ఎవరింట్లోనైనా భోక్తగా కూర్చున్నారేమో, అది చెప్పండి.”

కొడుకు ఏ వేళ ఎవరింట్లో తిన్నదీ నాగేశ్వరికి నోటికి వచ్చు. అమావాస్యకీ మహాలయానికీ పిండాలు పెట్టడానికి పాదగయకి జనం విరగబడతారు. భోక్తలు దొరక్క మణిశంకర్‌ని వెతుక్కుంటూ ఇంటికే వస్తారు. ఆవిడ ఒక్కో ఇంటిపేరూ చెబుతుంటే శ్రీసుధ ఒక్కో తారీఖు చుట్టూ సున్నా చుట్టింది.

పద్నాలుగింట పదకొండు. మిగిలిన మూడూ దేనికీ కలవలేదు.

“చూశావా!” అంది నాగేశ్వరి. కోడలి ముఖం చూసి, “ఏంటే? ఏమైంది?” అంది నెమ్మదిగా.

శ్రీసుధ అప్పటికే లేచింది.

*

మణిశంకర్ పెరటి అరుగు మీద విభూతి రేకలతో, ఒంటిమీద పంచెతో కూర్చుని ఉన్నాడు. ముప్ఫై మూడేళ్ళవాడు. మూడు రోజుల్లో నలభై మూడేళ్ళవాడిలా అయ్యాడు.

“ఏవండీ, ఒకటి అడుగుతాను. భోక్తగా వెళ్ళిన రోజు పొద్దున్న మాత్రలు వేసుకుంటారా?”

అతను వింతగా చూశాడు. “ఎలా వేసుకుంటాను? విస్తరి ముందు కూర్చునేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదుగా.”

“మరి రాత్రి?”

“భోక్త ఆ రాత్రి తినకూడదు సుధా. నీకు తెలియనిదేముంది? ఆ రోజు నాకు నువ్వు వండనే వండవు.”

“తినకపోతే... మాత్రో?”

“భోజనం తర్వాత వేసుకోమన్నారుగా. భోజనమే లేనప్పుడు తర్వాత ఎక్కడుంటుంది?”

అతను వెటకారానికి అనలేదు. ఆ మనిషికి వెటకారం రాదు. గూట్లో ఉన్న మందుల డబ్బా చూపించాడు. దాని మీద తెల్ల కాగితం, గుండ్రటి అక్షరాలు. పొద్దున టిఫిను తర్వాత. రాత్రి భోజనం తర్వాత. ఆ అక్షరాలు శ్రీసుధవి. అందంగా ఉండాలని స్కేలు పెట్టి కింద గీత కూడా గీసింది.

ఆమె గోడకి చేరబడింది. తను వండని రాత్రులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అతనికి కంచం పెట్టలేదు. కంచం లేదు కనక మాత్ర లేదు. అది తన కళ్ళెదుట జరిగింది.

“డాక్టరు గారు అడిగితే క్రమం తప్పకుండా వేసుకుంటున్నానన్నారేంటండీ?”

“అబద్ధం ఆడలేదుగా. తిన్న పూటల్లా వేసుకుంటున్నాను. ఒక్కపూట మరిచిపోలేదు.”

“ఇవాళ?”

“ఇవాళ త్రయోదశి, ప్రదోషం. ఆపరేషన్ ముందు ఉపవాసం ఉండమంది అమ్మ. సాయంత్రం అభిషేకం అయ్యాక తింటాను. అప్పుడు—”

ఆమె పూర్తిగా విననేలేదు. డబ్బా లాగి, రెండు మాత్రలు తీసి, చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చింది. అతను చెయ్యి చాపలేదు. ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు. గొంతుల హడావిడికి భాస్కరం గారు లేచి వచ్చి అక్కడ నిలబడి ఉన్నారు. వెనకాల నాగేశ్వరి.

పెద్దాయన విన్నారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. అవసరం లేకపోయినా రెండోసారి కూడా తుడుచుకున్నారు.

“ఔషధానికి దోషం లేదురా,” అన్నారు చివరికి. “ఉపవాసంలో ఔషధం పుచ్చుకోవచ్చు. వేసుకో.”

మణిశంకర్ మాత్రలు నోట్లో వేసుకుని మింగాడు. ఆ మింగిన చప్పుడు అందరికీ వినిపించింది.

“ఆ ముక్క,” అంది శ్రీసుధ, “ఆ ఒక్క ముక్క ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?”

“వాడు ఎప్పుడైనా అడిగాడా?”

“అడగాలంటే జబ్బు పేరు ఎత్తాలి కదండీ. ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తనిచ్చారా ఎవర్నైనా?”

వేదం మూడు తరాలుగా ఆ ఇంట్లో ఉంది. ఎక్కడ ఏ స్వరం తప్పినా పక్క వీధిలోంచి పట్టుకోగల మనిషి భాస్కరం గారు. కొడుకు పదకొండుసార్లు మాత్ర మింగకుండా పడుకున్న సంగతి పక్క గదిలోంచి పట్టుకోలేకపోయారు.

నాగేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది. “ఇవాళ ఉపవాసం పెట్టింది నేనే కదే,” అంది కోడలితో, తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, దిక్కు చూపించమని అడుగుతున్నట్టు.

*

డాక్టర్ వినీలకి ఫోను కలిసేసరికి అయిదున్నర దాటింది. శ్రీసుధ స్పీకర్ పెట్టి నడవలో అందరి మధ్యా నిలబడింది. తారీఖులు చెప్పింది, తిథులు చెప్పింది, డబ్బా మీద రాసిన అక్షరాల సంగతీ చెప్పింది.

అవతల డాక్టరు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

“ఇవాళ మాత్రలు పడ్డాయా?” అంది ముందు.

“ఇప్పుడే వేశానండి. పావుగంటయింది.”

“మంచిది. రాత్రివి కూడా ఆపకండి, తిన్నా తినకపోయినా. వేసుకుంటున్నారా అని అడిగాను. ఏ రోజు వేసుకోరు అని అడగలేదు. నేనూ అడగాల్సింది.”

“ఇప్పుడేం చెయ్యమంటారండి?”

“ఆయన కేసు షీట్ మీద మందులకి లొంగని ఫిట్స్ అని రాశాను. అది నిజమో కాదో ఇప్పుడు నాకు తెలియదు. మాత్రలు పడ్డా వచ్చిన ఆ మూడు ఫిట్స్‌ని బట్టి కొంత నిజం ఉండొచ్చు. మూడు నాలుగు నెలలు మాత్రలు సరిగ్గా పడితే గానీ తేలదు.”

“అయితే ఆపరేషన్ ఆపేద్దామాండి?”

“ఆపితే ఆ ముద్ద అక్కడే ఉంటుందమ్మా. ఈ నాలుగు నెలల్లో ఏమీ కాదని నేను మాట ఇవ్వలేను. చేస్తే మాటకీ చేతికీ ఏమీ కాదనీ ఇవ్వలేను. నిన్నటిదాకా నేను ఒక వైపు మొగ్గాను. ఇవాళ మొగ్గలేకపోతున్నాను. సర్జన్ గారికి ఆరింటికల్లా చెప్పాలి, వద్దంటే ఆ రోజుకి ఇంకో పేషెంటుని పిలుచుకుంటారు. ఆయన తల అది, ముందు ఆయన్ని అడగండి. పది నిమిషాల్లో నేనే చేస్తాను.”

ఫోను పెట్టేసింది. గోడ గడియారం అయిదూ నలభై అయిదు చూపిస్తోంది.

“ఆపుదాం,” అంది శ్రీసుధ. రెండు నెలలు పోరాడి సాధించుకున్నదాన్ని తన నోటితోనే తోసేస్తున్నందుకు ఆమెకే విడ్డూరంగా ఉంది. “నాలుగు నెలలు చూద్దాం.”

“ఆపెయ్యమను,” అంది నాగేశ్వరి వెంటనే. “అమావాస్య గురించి కాదే. ఇంక అమావాస్య పేరెత్తను. మాత్రలు నేను పెడతాను, నా చేత్తో.”

“ఆపడానికి వీల్లేదు.”

ముగ్గురూ భాస్కరం గారి వైపు తిరిగారు.

“ఏంటండీ మీరనేది? పొద్దుటి నుంచి పిలక కోసం ప్రయాణమే వద్దన్నారు!” అంది శ్రీసుధ.

“పిలక తియ్యొద్దన్నాను. ప్రయాణం వద్దనలేదు.” ఆయన గొంతు తగ్గింది. “మాత్రలతో అణిగి కూర్చున్నా జబ్బు జబ్బేనమ్మా. అపస్మారం ఉన్నవాణ్ణి పితృస్థానంలో కూర్చోబెట్టకూడదు. రెండున్నరేళ్ళు తెలిసీ పంపించాను. ఎన్నిళ్ళు! తండ్రికి పెడుతున్నాం అనుకుని వీడి కాళ్ళు కడిగారు. ఆ తద్దినాలన్నీ ఏమైనట్టు? వాళ్ళ తండ్రులు ఆకలితో వెళ్ళినట్టా? నాకు నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో మీకేం తెలుసు? ఆ ముద్ద వేళ్ళతో సహా పోవాలి. పోతేనే వాడు మళ్ళీ కూర్చోగలడు.”

“మాట పోతేనో?” అంది శ్రీసుధ. “మాట పోయినవాడు ఎక్కడ కూర్చుంటాడండీ?”

“భోక్తకి మంత్రం అక్కర్లేదు. కూర్చుని తింటే చాలు.”

అనేసిన తర్వాత ఆయన కూడా ఆ మాట విన్నారు. చెయ్యి పైకెత్తి, వెనక్కి తీసుకోవాలన్నట్టు గాలిలో ఆపారు. శ్రీసుధకి ఆయన మీద అసహ్యం వేసింది. జాలి కూడా వేసింది, అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

“వాడు మీ కొడుకండీ!” నాగేశ్వరి అరిచింది. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో భర్త మీద ఆవిడ గొంతు అంత లేవడం అదే మొదటిసారి. “ఎవరి తండ్రులో ఆకలితో వెళ్ళారని నా బిడ్డని కోయిస్తారా?”

“నువ్వు ఊరుకో, నీకు తెలియదు.”

“తెలిసిన మీరేం చేశారు?”

మాట మీద మాట పెరిగింది. చేతకానితనం, ఉపవాసాలు, పెళ్ళినాటి సంగతులు, డబ్బా మీద అక్షరాలు, అన్నీ బయటికొచ్చాయి. ఒక మనిషి గురించి మాట్లాడుకుంటూ ఆ మనిషి అక్కడున్నాడో లేదో చూసుకోకపోవడం ఆ ఇంటికి అలవాటే. మణిశంకర్ ఎప్పుడు లేచి వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

ముందు గమనించింది శ్రీసుధ. చాప మీద సంచి తెరిచి ఉంది. అందులో కత్తెర లేదు.

“ఏవండీ!”

ఆమె పెరటి గుమ్మం దాకా పరిగెత్తేలోపే అతను లోపలికి వస్తూ ఎదురయ్యాడు. ఎడమచేతిలో కత్తెర. కుడిచేతిలో, ముడి విప్పకుండా, ముడితో సహా పిలక.

నాగేశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భాస్కరం గారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, లేవలేక కూర్చుండిపోయారు.

మణిశంకర్ తండ్రి ముందుకి వెళ్ళి, చాప మీది పంచాంగాల పైన దాన్ని పెట్టాడు. విసరలేదు. తాంబూలం పెట్టినట్టు వంగి పెట్టాడు.

“మీ అంత మంత్రం నాకు రాలేదు నాన్నగారూ,” అన్నాడు. “నాకు వచ్చిందల్లా నిష్ఠగా కూర్చుని తినడం. అది బాగా చేస్తానని అందరూ నన్నే పిలిచేవాళ్ళు. పెద్ద పెద్దవాళ్ళు నా కాళ్ళు కడుగుతుంటే, ఆ పూటకి వాళ్ళ నాన్నని నేనే అనుకునేవాణ్ణి. గర్వంగా ఉండేది. అందుకే అడగలేదు. అడిగితే మానిపిస్తారని.”

“ఏం పని చేశావురా...” అన్నారు పెద్దాయన.

“ఇంక నన్నెవరూ పిలవరు. ఆ బాధ లేదు. ఇప్పుడు చెప్పండి. ఈ తల ఎవరికోసం కోయించుకోవాలి?”

తల వెనక కత్తెర గీసుకున్నచోట సన్నగా రక్తం ఊరింది. అతను తుడుచుకోలేదు.

శ్రీసుధ చేతిలో ఫోను మోగింది. డాక్టర్ వినీల. గడియారంలో ఆరుకి మూడు నిమిషాలు తక్కువ.

“ఇలా ఇవ్వు సుధా. నేను చెప్తాను.”

“ఏం చెప్తారండీ?”

“తేల్చుకున్నాను. ఇవ్వు.”

ఆరేళ్ళలో అతను ఆమె దగ్గర ఏదీ అంత గట్టిగా అడగలేదు. ఇచ్చేసింది. అతను కుడిచేత్తో ఫోను అందుకుని, కొంచెం దూరంగా, ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

“నమస్కారం డాక్టరు గారూ. నేను మణిశంకర్‌నండి. వీళ్ళెవరూ కాదు, నేనే చెప్తున్నాను. నాకు...”

ఆగాడు.

“చెప్పండి మణిశంకర్ గారూ, వింటున్నాను,” అన్న మాట స్పీకర్లోంచి నడవంతా వినిపించింది.

అతని పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. మళ్ళీ కదిలాయి.

దుఃఖం గొంతుకి అడ్డం పడిందో, అది కాదో శ్రీసుధకి తెలియలేదు. ఆమె అతని ముఖం వైపు చూడలేదు. ఫోను పట్టుకున్న ఆ కుడిచేతి బొటనవేలినే చూస్తూ నిలబడింది.